బడిగోడ మీద ముగ్గు

గోడపై వేసిన బొమ్మను కుడ్యచిత్రమనీ, భిత్తిచిత్రమనీ అంటారు. బొమ్మకు తెలుగులో చిత్తరువు అనే చక్కని మాట ఉంది. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన 'క్రీడాభిరామం'లో మాచల్దేవి చిత్రశాలా ప్రవేశ ఘట్టం ఒకటుంది. ఆ వేడుకలో ముగ్గులు తీర్చిన సంగతిని కవి ప్రత్యేకంగా పేర్కొన్నాడు. చిత్తరువు నిపుణుల పని; ముగ్గు ఇంటింటి విద్య. ఈ రెండూ కలిసి నిలవదగిన చోటు నేటి ప్రాథమిక పాఠశాల గోడ.

ఆరేడేండ్ల పిల్లలు ముప్ఫై నలభై మంది ఒకే గోడపై బొమ్మ వేయడం సులభం కాదు. ఎవరికి తోచింది వారు గీస్తే మూలకొక బొమ్మగా చెల్లాచెదురవుతుంది. ఉపాధ్యాయుడే గీతలు గీసి, రంగులు మాత్రమే పిల్లల చేత నింపిస్తే చిత్రం ఆయనదే అవుతుంది, పిల్లలు కూలీలవుతారు. ముగ్గులో ఈ చిక్కు లేదు. అందులో నియమం అందరికీ తెలిసినది, ఏ ఒక్కరి సొత్తూ కానిది.

చుక్కల ముగ్గునే తీసుకుందాం. 'ఏడు నుంచి నాలుగు, సందు చుక్క' అంటే నడిమి వరుసలో 7 చుక్కలు, దానికి పైనా కిందా వరుసగా 6, 5, 4 చుక్కలు. ప్రతి చుక్కా పక్క వరుసలోని రెండు చుక్కల సందుకు ఎదురుగా పడుతుంది. మొత్తం 37 చుక్కలు. తరగతిలో ఒక్కొక్కరు ఒక్కొక్క చుక్క పెట్టవచ్చు. ఎదురు చుక్క పద్ధతిలో 7, 5, 3, 1 చొప్పున పెడితే 25 చుక్కలే వస్తాయి. మెలికల ముగ్గులో గీత చుక్కలను చుట్టుకుంటూ పోయి బయలుదేరిన చోటికే చేరుతుంది. వెనుక బెంచీ పిల్లవాడి చుక్క లేకపోతే మెలిక అక్కడ తెగిపోతుంది. అతడు అవసరమని వేరే చెప్పనక్కరలేదు. ఈ ముగ్గుల్లోని క్రమం గణితజ్ఞులను కూడా ఆకర్షించింది. మద్రాసు పరిశోధకులు తమిళుల కోలాలకు గల 'వ్యాకరణాన్ని' గురించి 1974లోనే వ్యాసం ప్రకటించారు.

అయితే నేల వేరు, గోడ వేరు. నేలపై బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండి దానంతటదే జారుతుంది. గోడపై కుంచెలోని రంగు కిందికి కారుతుంది. కాబట్టి రంగు కాస్త చిక్కగా ఉండాలి. జాజు పూసిన గోడపై సున్నపు తెలుపు బాగా నప్పుతుంది. కాని సున్నం కంటికీ చర్మానికీ హాని చేస్తుంది కనుక పిల్లల చేతికి సుద్దరంగే ఇవ్వాలి. సుద్ద రాసిన దారాన్ని ఇద్దరు బిగించి పట్టుకోగా మూడోవారు లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. ఆ గీతపై అయిదేసి అంగుళాల ఎడంతో చుక్కలు పెట్టాలి. ముగ్గు పిల్లల చేతికందే ఎత్తును దాటకూడదు. పెద్దల కంటికి అనువైన ఎత్తు ఇక్కడ పనికిరాదు.

ముగ్గు చుట్టూ అంచు కావాలి. దానికి నమూనాలు ఇళ్ల నుంచే వస్తాయి: పోచంపల్లి చీరలోని గళ్లు, లంబాడీ రవికపై అద్దాల కుట్టు. లేపాక్షి లతామండప స్తంభాలపై చెక్కిన అల్లికలు చీరల అంచులకెక్కి ప్రసిద్ధి పొందాయి. అవి గోడకెక్కడం వింత కాదు. అయినా కంటికింపైన ప్రతిదాన్నీ ఎత్తిరాయడం తగదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం ప్రాంతపు సవరలు ఇంటి గోడపై వేసే చిత్రం దేవతలకూ పితరులకూ సమర్పించేది. అది అలంకారం కాదు, ఆరాధన. ఆ ఇంటి పెద్దలను అడగకుండా దాన్ని బడిగోడపై దించడం మర్యాద కాదు.

అసలు పరీక్ష సాయంత్రం వస్తుంది. పిల్లలు వెళ్లిపోయాక వంకర గీత ఉపాధ్యాయుడి కంట్లో నలుసులా మెదులుతుంది. మరునాడు అధికారి రావచ్చు, ఫోటో తీయవచ్చు. కుంచె పక్కనే ఉంది. ఆ గీతను సరిదిద్దితే గోడ అందంగానే ఉంటుంది. కాని పొద్దున్నే ఆ పాప వచ్చి తన గీత కోసం వెతుకుతుంది, దొరకదు. మళ్లీ కుంచె పట్టమంటే వెనకాడుతుంది.

వాకిటి ముగ్గు మరునాటికి చెరిగిపోతుంది కనుక తప్పుకు భయం లేదు. గోడకూ అలాంటి గడువు పెట్టవచ్చు. వానకూ, బంతి దెబ్బలకూ, ఆనుకొని కూర్చునే వీపులకూ ఏడాదిలో గోడ కింది భాగం ఎలాగూ మాసిపోతుంది. సంక్రాంతి ముందు పెద్దలు దానిపై మళ్లీ జాజు పూస్తే, కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లలు సుద్దదారం పట్టుకొని మొదటి చుక్క ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటారు.