ఈపాస్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు ఎలా చేయాలి?

తెలంగాణలో ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఈపాస్ పోర్టల్ ద్వారా రెండు రకాల సాయం అందుతుంది. కాలేజీ ఫీజు కోసం ఇచ్చేది ఆర్‌టీఎఫ్, విద్యార్థి ఖర్చులకు ఇచ్చేది ఎంటీఎఫ్. ఈబీసీలకూ ఫీజు పథకం ఉంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లు చూడాల్సింది జ్ఞానభూమి పోర్టల్. అక్కడి నియమాలు వేరు.

ముందు అర్హత చూసుకోండి. కుటుంబ వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షల రూపాయలు దాటకూడదు. బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఈ సాయం వర్తించదు. ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, 10,000 లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ఇంజినీరింగ్ ఫీజులో ఏడాదికి 35,000 వరకే వస్తుంది. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతాది ఇంట్లోంచి రావాల్సిందే. ఈ లెక్క సీటొచ్చాక కాదు, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే వేసుకోవాలి.

తర్వాత పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండడం మన దగ్గర మామూలే. మనం సర్దుకుపోతాం గానీ పోర్టల్ సర్దుకోదు. తేడా ఉంటే ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్పించండి. మెమో దిద్దించడం చాలా పెద్ద తతంగం. నా మటుకు, మొత్తం పనిలో అసలు కష్టం ఇదొక్కటే.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు చేయాలి; తహసీల్దార్ కార్యాలయం నుంచి వస్తాయి. ఆదాయ పత్రం తాజాది కావాలి. అడ్మిషన్ల రోజుల్లో మీసేవల ముందు బారులు తీరతారు కాబట్టి వేసవి సెలవుల్లోనే తెచ్చుకోవడం మేలు. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరునే ఉండాలి, నాన్నది పనికిరాదు. ఖాతాకు ఆధార్ లింకైందో లేదో, చాన్నాళ్లు వాడక ఖాతా మూలనపడిందేమో బ్యాంకులో అడగండి.

ఇవన్నీ చేతిలో ఉంటే ఆన్‌లైన్ ఫారం నింపడం పెద్ద పనేం కాదు. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకోండి. ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి కాలేజీలో ఇవ్వాలి, మీసేవలో బయోమెట్రిక్ వేయాలి. చాలామంది ఫారం పంపగానే పనైపోయిందనుకుంటారు. ఫైలు ఆగిపోయేది ఇక్కడే.

హాజరు 75 శాతం ఉండాలి. ఏటా రెన్యువల్ చేసుకోవాలి. డబ్బు మాత్రం వెంటనే పడదు, బకాయిలు నెలల తరబడి ఉంటాయి. అందాకా పోర్టల్‌లో స్టేటస్ చూస్తుండండి. కాలేజీ లాగిన్‌లోనే ఆగిందని కనిపిస్తే మీసేవ చుట్టూ తిరగొద్దు, కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్‌లు చూసే గుమస్తాను అడగండి. కాలేజీ పంపేసిందంటే దరఖాస్తు నంబరు పట్టుకుని జిల్లాలో మీ వర్గం సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లండి.