లౌడుస్పీకరు యూనిట్ కాలిపోకుండ

తుఫాను హెచ్చరిక వినిపింపవలసిన నాడే పంచాయతీ మైకు మూగవోయిన యెడల ఊరికెంత ముప్పు! హారను వెనుకనుండు యూనిట్‌లో సన్నని తీగచుట్ట కలదు. అందు ప్రవహించు విద్యుత్తులో కొంతభాగమే ధ్వనియగును. హెచ్చుభాగము వేడియై పోవును. 30 వాట్ల యూనిట్‌కు 100 వాట్ల యాంప్లిఫయరును తగిలించి మీట పూర్తిగ త్రిప్పినచో తీగ మాడిపోవును.

చిన్న యాంప్లిఫయరైనచో భయము లేదని కొందరందురు, మేమంగీకరింపము. శక్తికి మించి త్రిప్పగా అది తనపై వ్రాసియున్న వాట్లకు దాదాపు రెట్టింపు వరకు పంపగలదు. అప్పుడు ధ్వని బొంగురుపోవును. ఆ బొంగురే మనకు గుర్తు. వినబడిన తక్షణమే మీట తగ్గింపవలెను.

మిక్కిలి మంద్రస్వరములను హారను మోయజాలదు. లోని పలుచని పొర అతిగా అదరి చిట్లును. పెండ్లిపాటలు వేయునపుడు బాస్ మీటను తగ్గించియే యుంచుదము. తీగలు కలుపునపుడును, విప్పునపుడును యాంప్లిఫయరును ఆపివేయవలెను.