కంప్యూటర్‌కు పట్టే పురుగు: నివారణ, చికిత్స

పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, దుకాణం లెక్కలు, పెళ్ళి ఫోటోలు... ఈ రోజుల్లో అన్నీ ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. అది పాడైతే పోయేది యంత్రం ఒక్కటే కాదు. కనుక దానికి పట్టే 'వార్మ్' అనే తెగులు గురించి పెద్దలూ పిల్లలూ కలిసి తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

వార్మ్ అంటే ఏమిటి?

వార్మ్ అంటే పురుగు. ఇది కూడా మనిషి రాసిన ప్రోగ్రామే. వైరస్ ఏదో ఒక ఫైలును అంటిపెట్టుకొని ఉంటుంది. ఆ ఫైలును తెరిస్తేనే పనిచేస్తుంది. వార్మ్‌కు అటువంటి ఆసరా అక్కర్లేదు. విండోస్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం గుండా తనంతట తానే దూరి, తన నకళ్ళను నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లకు పంపుతుంది. ఒక బియ్యం బస్తాలో పడిన పురుగు పక్క బస్తాకు పాకినట్టే. కొన్ని వార్మ్‌లు పెన్ డ్రైవ్ ద్వారా, మరికొన్ని ఈమెయిల్ ద్వారా వస్తాయి. 2000 మేలో ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వార్మ్ ప్రేమలేఖ పేరుతో వచ్చిన ఈమెయిలే.

చరిత్ర నేర్పే పాఠం

2003 ఆగస్టు 11న 'బ్లాస్టర్' వార్మ్ బయటపడింది. అది దూరిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ జులై 16నే, అంటే 26 రోజుల ముందే ఇచ్చింది. 2008 నవంబరులో 'కాన్‌ఫికర్' వచ్చింది. దాని మందు అక్టోబరు 23నే సిద్ధం. 2017 మే 12న 'వన్నాక్రై' వచ్చి ఫైళ్ళకు తాళం వేసి, తీయడానికి 300 డాలర్లు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దానికి అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది.

మూడుసార్లూ మందు ముందే వచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. 'తర్వాత చూద్దాం' అని అప్‌డేట్‌ను వాయిదా వేసే అలవాటే వార్మ్‌కు తలుపు తెరుస్తుంది.

నివారణ

1. విండోస్ అప్‌డేట్ ఆటోమేటిక్‌గా జరిగేలా ఉంచండి. రీస్టార్ట్ అడిగితే ఆ రోజే చేయండి.
2. ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. విండోస్ 10, 11లలో 'డిఫెండర్' ఉచితంగానే ఉంటుంది.
3. జిరాక్స్ షాపులో వాడి తెచ్చిన పెన్ డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా తెరవకండి.
4. తెలిసినవారి నుంచి వచ్చినా, అనుకోని అటాచ్‌మెంట్ అయితే ఫోన్ చేసి అడిగాకే తెరవండి.
5. ముఖ్యమైన ఫైళ్ళను వేరే హార్డ్ డిస్క్‌లో దాచి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి పెట్టండి. తగిలించి ఉంచితే దానికీ ముప్పే.

పట్టాక ఏం చేయాలి?

కంప్యూటర్ నత్తనడక నడుస్తున్నా, యాంటీవైరస్ తెరుచుకోకపోయినా, మనం పంపని ఈమెయిళ్ళు మన పేరుతో వెళ్తున్నా అనుమానించాలి.

ముందుగా ఇంటర్నెట్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకండి. పాస్‌వర్డులను మరో మంచి కంప్యూటర్ నుంచి మార్చండి. తర్వాత 'విండోస్ సెక్యూరిటీ'లోని స్కాన్ ఆప్షన్లలో 'డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. విండోస్ పూర్తిగా మొదలవక ముందే ఇది వెతుకుతుంది గనుక, దాక్కున్న పురుగు కూడా దొరికే అవకాశం ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' కూడా ఉచిత సాధనాలు ఇస్తోంది.

పురుగు పోయిందని అక్కడితో ఆగకూడదు. కాలువకు గండి పడితే ఊళ్ళోకి వచ్చిన నీళ్ళు తోడితే చాలదు, గండి పూడ్చాలి. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందని చూసుకొని నెట్ కలపగానే మొట్టమొదట అప్‌డేట్లన్నీ వేయండి. లేకుంటే అదే దారిన మళ్ళీ వస్తుంది. ఇంట్లోని మిగతా కంప్యూటర్లు, పెన్ డ్రైవ్‌లు కూడా అదే రోజు స్కాన్ చేయాలి. అప్పటికీ వదలకపోతే ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం భద్రపరచి, విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయించడమే మేలు. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఒక మనవి. పాత కంప్యూటర్‌ను చదువుకునే పిల్లలకు ఇవ్వాలనుకునే దాతలు ముందుగా డిస్క్‌ను పూర్తిగా తుడిపించి, అప్‌డేట్లు అందే విండోస్ వేయించి ఇవ్వగలరు. విండోస్ 7కు అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పరీక్షల ముందు ఆ పిల్లల నోట్సు పోకుండా కాపాడడం కూడా దానంలో భాగమే.