మలేరియా క్రిమి - ఎరువు సొమ్ము

మలేరియా జ్వరమును గూర్చి వినని కుటుంబము మనలో నుండదు. మొదట చలి, వణకు, పిమ్మట తీవ్రమైన జ్వరము, తుదకు చెమట - ఈ వరుస పెద్దలందరికిని తెలిసినదే. ఈ వ్యాధిని కలిగించు పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుచుండుటను రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదునందు కనుగొనెను. ఆయన సూక్ష్మదర్శినిలో చూచినది ఆ జీవి ఆకారమును. నేటి శాస్త్రజ్ఞులు దాని లోపలి పనిముట్లను సైతము పరమాణువుల వరుసతో సహా చూడగలుగుచున్నారు. అట్టి పనిముట్టు నొకదానిని గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

ప్రతి జీవకణమును రెండుగా చీలుటకు ముందు, తన వంశలక్షణములు వ్రాసియున్న డి.ఎన్.ఏ. అను పదార్థమునకు మరియొక ప్రతిని సిద్ధము చేసికొనవలెను. ఆ వ్రాతకు అక్షరములు నాలుగు. వానిలో అడినీను, గ్వానీను అను రెండును ప్యూరీను జాతికి చెందినవి. మన శరీరము చిన్న చిన్న పదార్థముల నుండి ప్యూరీనులను స్వయముగా నిర్మించుకొనగలదు. మలేరియా క్రిములలో మిక్కిలి ప్రాణాంతకమైన ప్లాస్మోడియం ఫాల్సిపారమునకు ఆ విద్య తెలియదు. అది మన ఎర్ర రక్తకణములో దూరి, సుమారు 48 గంటలలో ఒకటి అనేకమై, కణమును పగులగొట్టుకొని వెలువడును. ఇంత సంతానమునకును కావలసిన ప్యూరీనులు మన రక్తము నుండి తీసికొన్నవే. ఎరువు సొమ్ము బరువు చేటు అను సామెత ఈ జీవికి చక్కగా సరిపోవును. ఎరువు అందని నాడు దానికి బ్రతుకు లేదు.

ఆ సొమ్మును వాడుకకు తెచ్చు పనిముట్టు పేరు ప్యూరీన్ న్యూక్లియోసైడ్ ఫాస్ఫోరిలేజు. ఇది యొక ఎంజైము. అనగా, తాను వ్యయము కాకుండ రసాయన చర్యను వేగవంతము చేయు ప్రోటీను. ఇనోసీను అను పదార్థమున ఒక ప్యూరీను రైబోజు అను చక్కెరతో బంధింపబడి యుండును. ఎంజైము ఆ బంధమును త్రెంచి, చక్కెరకు ఫాస్ఫేటును తగిలించి, హైపోజాంథీను అను ప్యూరీనును విడిపించును. దాని నుండియే పరాన్నజీవి తక్కిన ప్యూరీనులను తయారు చేసికొనును.

ఇంత చిన్న వస్తువు ఆకారము ఎట్లు తెలిసినది? ఉప్పునీరు ఎండిన చోట ఉప్పు స్ఫటికములు ఏర్పడుటను మీరు చూచియే యుందురు. శుద్ధిచేసిన ప్రోటీను ద్రావణము నుండి కూడ మిక్కిలి ఓర్పుతో స్ఫటికములను పెంపవచ్చును. అందు అణువులు సైనికులవలె వరుసలు తీరి యుండును. వానిపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసినచో, అవి వంగి చెదరి, చుక్కల చిత్రమును ఏర్పరచును. ఆ చుక్కల స్థానములను, తీవ్రతలను గణించి, పరమాణువుల స్థానములను నిర్ణయింతురు. ఈ ఎంజైము రూపమును 2004వ సంవత్సరమున 2.2 ఆంగ్‌స్ట్రాముల సూక్ష్మతతో ప్రకటించిరి. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఒకే విధమైన ఆరు ప్రోటీను గొలుసులు కూడి ఈ ఎంజైము ఏర్పడినది. మానవ శరీరములోను ఇదే పని చేయు ఎంజైము కలదు. అందు గొలుసులు మూడు మాత్రమే.

ఇక పని జరుగు విధానము. ఎంజైములోని ఒక గుంటలో ఇనోసీనును, ఫాస్ఫేటును తగిన స్థానములలో నిలుపబడును. అచట ప్యూరీను భాగములోని ఒక నత్రజని పరమాణువునకు ఉదజని చేరును. అంతట ప్యూరీను బంధములోని ఎలక్ట్రానులను తన వైపునకు లాగుకొనగా, బంధము సడలి, చక్కెర ధన విద్యుదావేశము పొందును. పాత బంధము వీడి, క్రొత్త బంధము కుదురని ఈ పరివర్తన స్థితి, సెకనును లక్ష కోట్ల భాగములు చేసినచో అందొక భాగమైనను నిలువదు. వెంటనే ఆవేశము పొందిన చక్కెర ఫాస్ఫేటుతో కలియును, ప్యూరీను విడిపోవును.

ఎంజైము మిక్కిలి గట్టిగా పట్టుకొనునది ఈ క్షణిక రూపమునే. న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకు చెందిన వెర్న్ ష్రామ్, న్యూజీలాండు రసాయనజ్ఞులతో కలిసి, ఆ రూపమును పోలిన ఇమ్యూసిలిన్ అను పదార్థములను సృష్టించెను. వీనిలో మొదటిదానియందు చక్కెర వలయములోని ఆమ్లజనికి బదులు, ధనావేశము పొందగల నత్రజని నుంచిరి. త్రెగవలసిన చోట కర్బనమునకు కర్బనమునకు నడుమ గట్టి బంధము నుంచిరి. ఎంజైము దీనిని అసలు సరకని భ్రమించి పట్టుకొనును. త్రెంచనూ లేదు, సులభముగా విడువనూ లేదు.

అయితే ఒక చిక్కు కలదు. ఈ పదార్థము మానవ ఎంజైమును ఇంకను గట్టిగా బంధించును. ఆ ఎంజైము లోపముతో పుట్టిన శిశువులలో రోగనిరోధక శక్తి క్షీణించునని 1975లోనే తెలిసినది. స్ఫటిక రూపము ఇచట దారి చూపినది. పరాన్నజీవి ఎంజైము గుంటలో చక్కెర కొన వద్ద గంధకముతో కూడిన భాగమునకు చోటున్నది. అట్టి భాగమును చేర్చిన ఇమ్యూసిలిన్ మానవ ఎంజైము కంటె పరాన్నజీవి ఎంజైమును నూరు రెట్లకు మించి బంధించినది.

2011లో ఈ కుటుంబమునకు చెందిన మరియొక మందును మలేరియా సోకిన కోతులకు నోటి ద్వారా ఇయ్యగా, వాని రక్తములో క్రిములు కనబడకుండ పోయినవి. మందు ఆపిన కొన్ని దినములకు మరల కనబడినవి. అనంతరము ప్రయోగశాలలో ఆ మందు నడుమ పెంచిన క్రిములు, ఎంజైమును అధికముగా తయారు చేయుటచేతను, దాని రూపమును మార్చుకొనుటచేతను మందునకు లొంగకుండుట నేర్చినవి.

తల్లిదండ్రులారా, ఇది ప్రయోగశాలకే పరిమితమైన సంగతి కాదు. వైద్యుడు చెప్పిన మందును నడుమ మానినచో మిగిలిన క్రిములు మరల పెరుగును. జ్వరము వచ్చిన వెంటనే రక్తపరీక్ష చేయింపుడు. మందును పూర్తిగా వాడింపుడు. విద్యార్థులారా, శత్రువు బలమునే గాక వాని అవసరమును గూడ ఎరుగుట శాస్త్రము నేర్పు యుక్తి.

ప్రశ్నలు:
1. ప్యూరీను అందనిచో మలేరియా క్రిమి ఏల నశించును?
2. పరివర్తన స్థితిని పోలిన పదార్థము ఎంజైమును ఎట్లు కట్టివేయును?
3. మానవ ఎంజైమును, పరాన్నజీవి ఎంజైమును వేరుపరచు భేదములు రెండు తెలుపుము.