స్కూల్లో స్టెన్సిల్ క్లాసు: రంగు డబ్బా తెరిచే ముందు తేల్చుకోవాల్సినవి

డ్రాయింగ్ టీచర్‌గా పనిచేస్తున్నా, ఫ్రీలాన్స్‌గా వర్క్‌షాపులు చేస్తున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక స్కూలు నుంచి మీకీ ఫోన్ వస్తుంది: ‘‘మా పిల్లలకు స్ట్రీట్ ఆర్ట్ నేర్పాలి. కాంపౌండ్ వాల్ ఖాళీగా ఉంది. యాన్యువల్ డే లోపు అయిపోవాలి.’’ ఒప్పుకునే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. యాజమాన్యానికి కావాల్సింది గోడ. పిల్లలకు కావాల్సింది పని రావడం. ఈ రెండూ ఒకే ప్లానులో ఇమడకపోతే చివరి రెండు రోజులూ మీరొక్కరే నిచ్చెనెక్కి గోడ పూర్తిచేస్తారు, పిల్లలు కింద నిలబడి ఫొటోలు దిగుతారు. చాలా వర్క్‌షాపులు ఇలాగే ముగుస్తాయి. గోడ మీద రంగు వేసేది ఒక్క పూటే. పని గెలిచేదీ ఓడేదీ అంతకు ముందు రోజుల్లో.

ముందు కాగితం

ప్రపోజల్ ఒక పేజీ చాలు. జాతీయ విద్యా విధానం 2020లో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజుల ‘బ్యాగ్‌లెస్’ పని ఉంది. స్థానిక చేతిపనివాళ్లు, ఆర్టిస్టుల దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆ మాట ప్రపోజల్‌లో రాస్తే ప్రిన్సిపాల్‌కు టైమ్‌టేబుల్‌లో చోటు చూపించడం తేలికవుతుంది.

తర్వాత గోడ ఎవరిదో తేల్చుకోండి. గోడకు లోపలివైపు అయితే స్కూలు లెటర్ చాలు. రోడ్డువైపు అయితే మున్సిపాలిటీని కూడా రాతపూర్వకంగా అడగండి. గోడలు, బహిరంగ స్థలాలు పాడుచేయడాన్ని అడ్డుకోవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం చేశారు. ప్రభుత్వ ఆస్తి నష్టం మీద 1984 నాటి కేంద్ర చట్టం ఉండనే ఉంది. ప్రభుత్వ బడి గోడకు ఏదైనా పథకం కింద రంగులు వేసి ఉంటే, హెచ్‌ఎం నోటిమాట మీద ముట్టుకోవద్దు. రేపు తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది మిమ్మల్నే.

ఈ అనుమతి పని పిల్లలతోనే చేయించండి. లెటర్ వాళ్లు రాయాలి, ఆఫీసులో వాళ్లు ఇవ్వాలి. ఎందుకంటే తొలి రోజే ఎవరో ఒకరు అడుగుతారు: ‘‘సార్, బ్యాంక్సీ ఎవర్నీ అడక్కుండానే వేస్తాడు కదా?’’ దాటవేయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పారిస్‌లో బ్లెక్ ల రా అనే వీధి చిత్రకారుడు 1981లో ఎలుక బొమ్మల స్టెన్సిళ్లు మొదలుపెట్టాడు. బ్రిస్టల్ నుంచి వచ్చిన బ్యాంక్సీ ఆ పద్ధతినే పట్టుకున్నాడు. కష్టమైన పనంతా ఇంట్లో ముందే కత్తిరించుకుంటే వీధిలో నిమిషాల్లో అయిపోతుంది, పట్టుబడే ప్రమాదం తగ్గుతుంది. అనుమతి లేని చోట స్టెన్సిల్ అందుకే పనికొచ్చింది. అదే కళ అనుమతితో ఎంత దూరం పోగలదో ఢిల్లీ లోధీ కాలనీ గోడలు, హైదరాబాద్‌లో ఎంఎస్ మక్తా వీధులు చూపిస్తాయి. ఇవి రెండూ చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. ఒకటే చెబితే వచ్చే నెలలో పక్కింటి గేటు మీద బొమ్మ తేలుతుంది, దాని ఫిర్యాదు మీ పేరు మీద వస్తుంది.

కత్తిరింపే అసలు పాఠం

స్టెన్సిల్ మన పిల్లలకు కొత్త కాదు. రంధ్రాల ముగ్గు ప్లేటు, కరెంటు స్తంభం మీద నంబరు, గూడ్స్ వ్యాగన్ మీద అక్షరాలు వాళ్లు రోజూ చూసేవే. వాటితోనే మొదలుపెట్టండి.

తెలుగు అక్షరాల దగ్గర చిక్కు వస్తుంది. ‘రంగు’ అన్న మాటే తీసుకోండి. ‘ర’లో గుండ్రం, పక్కన సున్న రెండూ మూసుకున్న ఆకారాలు. గీత వెంట కత్తిరించగానే లోపలి బిళ్ల ఊడి కిందపడుతుంది. రంగు వేస్తే గోడ మీద రెండు నల్లటి చుక్కలు మిగులుతాయి, అక్షరం కనిపించదు. బిళ్లను బయటి షీటుకు కలిపి ఉంచే సన్నటి పట్టీని బ్రిడ్జి అంటాం. ఎ3 సైజు అక్షరానికి 4, 5 మిల్లీమీటర్ల బ్రిడ్జి, ఒక్కో బిళ్లకు కనీసం రెండు ఉండాలి. ఒకటే పెడితే షీటు తడవగానే బిళ్ల వేలాడుతుంది. ఒత్తులు చిన్నవైతే తెగిపోతాయి కాబట్టి ఒత్తులు తక్కువున్న మాటలు ఎంచుకోమనండి. కత్తిరించే ముందు, ఊడిపోయే భాగాలన్నిటికీ పెన్సిల్‌తో అడ్డగీతలు గీయించండి. ఎక్కడ బ్రిడ్జి మరిచిపోయారో పిల్లలకే కనిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు సగం షీట్లను వృథా కాకుండా కాపాడుతుంది.

షీటుకు ఓహెచ్‌పీ ప్లాస్టిక్ మంచిది. చార్ట్ పేపర్ రెండు మూడు సార్లకే నానిపోతుంది. ఆరో తరగతికి కట్టర్ ఇవ్వొద్దు. కాగితం మడిచి కత్తెరతో చేయించండి. ఎనిమిది, ఆపై తరగతులకు చిన్న బ్లేడు కట్టర్ ఇవ్వొచ్చు. కింద కటింగ్ మ్యాట్, బ్లేడు ఒక్క గడి మాత్రమే బయటికి, షీటు పట్టుకున్న చెయ్యి బ్లేడు దారిలో ఉండకూడదు. కట్టర్లకు నంబర్లు వేసి, పీరియడ్ మొదట్లో, చివర్లో లెక్కపెట్టి తీసుకోండి. ఒకటి తగ్గితే క్లాసు కదలకూడదు.

స్ప్రే జోలికి పోవద్దు

పిల్లలు అడిగేది స్ప్రే క్యానే. ఇవ్వకండి. అందులో సాల్వెంట్లు, మండే గ్యాసు ఉంటాయి. సాల్వెంట్ ఆవిరిని గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆపలేవు. ఆపగలిగే రెస్పిరేటర్ చిన్న ముఖాలకు సరిగ్గా అతకదు. పైగా ఎండలో పెట్టిన క్యాన్ పేలే ప్రమాదం ఉంది. నీటితో కలిపే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, స్పాంజి ముక్క చాలు, అంచులు ఇంకా శుభ్రంగా వస్తాయి. స్పాంజిని రంగులో ముంచి, పాత పేపరు మీద అద్ది, దాదాపు పొడిగా అయ్యాక గోడ మీద నిటారుగా అద్దాలి. రుద్దితే రంగు షీటు కిందికి పోతుంది. రుద్దకపోయినా అంచు చెదిరితే, చాలాసార్లు కారణం స్పాంజిలో రంగు ఎక్కువవడమే.

నలభై మంది ఉంటే

ఎనిమిదో తరగతి, నలభై మంది, 20 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు గోడ అనుకుందాం. అంటే 120 చదరపు అడుగులు. ఎమల్షన్ రెండు పూతలకు లీటరుకు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి బేస్ రంగు రెండున్నర లీటర్లు కావాలి. నలుగురికో జట్టు, పది జట్లు, పది కట్టర్లు. జట్టుకు రెండడుగుల వెడల్పు గోడ. ఒకరు కత్తిరిస్తే ఒకరు షీటు పట్టుకుంటారు, మిగిలిన ఇద్దరు తర్వాతి లేయర్ గీస్తారు. ప్రతి పీరియడ్‌కూ పనులు మారాలి.

మొదటి రోజు డిజైన్, అనుమతి లెటర్. రెండు, మూడు రోజులు కత్తిరింపు. నాలుగో రోజు ప్రతి జట్టూ న్యూస్‌పేపర్ మీద ట్రయల్ వేయాలి. ట్రయల్ రాని షీటు గోడ దగ్గరికి రాకూడదు. రెండు రంగులుంటే షీట్ల మూలల్లో ఒకే చోట గుర్తులు పెట్టించండి, లేకపోతే రెండో లేయర్ జరుగుతుంది. ఐదో రోజు ఉదయం ఎనిమిదింటికి గోడ. మన ఎండల్లో పదకొండు దాటితే రంగు స్పాంజి మీదే ఆరిపోతుంది, పిల్లలకూ మంచిది కాదు. ఆరో రోజును స్కూలుకు చెప్పకుండా మీ దగ్గర ఉంచుకోండి. వానకో, పరీక్షకో అది ఖర్చవుతుంది.

గోడను వారం ముందే చూడండి. అరచేత్తో రుద్దితే తెల్లగా అంటుకుంటే అది సున్నం గోడ. గీకి ప్రైమర్ కొట్టించకపోతే రంగు పొరలుగా ఊడిపోతుంది. చెమ్మ ఉన్న గోడను వదిలేయండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నెల ఆగండి. గీకడం, బేస్ కొట్టడం పెయింటర్ పని. దాని కూలీ కొటేషన్‌లో విడిగా చూపించండి.

డబ్బు, బాధ్యత

సగం అడ్వాన్సు, మెటీరియల్ ఖర్చు వేరుగా, డిజైన్ మార్పులు ఒక్కసారే. ఈ మూడూ ఈమెయిల్‌లో ఉండాలి. చివరి నిమిషంలో కరస్పాండెంట్ తన ఫొటో గోడ మీద వేయమంటే ఆ ఈమెయిలే మీకు అండ. క్లాసులో ఎప్పుడూ స్కూలు టీచర్ ఒకరు ఉండాలని షరతు పెట్టండి. నలభై మందిని, పది బ్లేడ్లను ఒక్కరు చూసుకోలేరు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల ముఖాలు మీ సోషల్ మీడియాలో పెట్టొద్దు. టీడీఎస్ కోసుకుంటే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

యాజమాన్యం గోడ చూసి మెచ్చుకుంటుంది, మెచ్చుకోనివ్వండి. మీ పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చే పరీక్ష వేరే ఉంది. చివరి పీరియడ్‌లో ప్రతి పిల్లవాడికీ ఒక షీటు ఇచ్చి, సున్న ఉన్న కొత్త మాట ఒకటి ఎవరి సాయం లేకుండా కత్తిరించమనండి. బిళ్ల ఊడిపోకుండా తేగలిగిన వాళ్లకు పని వచ్చినట్టు. ఆరో రోజు ఖర్చవకుండా మిగిలితే, రాని వాళ్ల కోసం అది వాడండి. పిల్లలు చేసిన షీట్లన్నీ కవర్లో పెట్టి స్కూలుకే ఇచ్చి రండి. వచ్చే ఏడాది గోడ మాసినప్పుడు ఆ పిల్లలే దాన్ని మళ్లీ వేయగలగాలి.