సి.సి. కెమెరా కేబుల్ చెడినప్పుడు: అతుకుటయా, మార్చుటయా?

చేనికి కంచె ఎట్టిదో నేటి గ్రామమునకు, గోదామునకు సి.సి. కెమెరా అట్టిదైనది. 2013లో ఉమ్మడి రాష్ట్రములో ప్రజా భద్రత చర్యల అమలు చట్టము వచ్చిన పిమ్మట జనము గుమిగూడు సంస్థలలో కెమెరాలు తప్పనిసరియైనవి. ఆ తరువాత తెలంగాణ పోలీసు శాఖ ‘నేను సైతం’ కార్యక్రమము ద్వారా దాతలను, కాలనీవాసులను, పంచాయతీలను ప్రోత్సహించి వీధులలో కెమెరాలు పెట్టించినది. మెదక్ పట్టణములోను, చుట్టుపట్ల గ్రామములలోను కూడళ్లు, రైసు మిల్లులు, ఎరువుల దుకాణములే గాక రైతుల పశువుల కొట్టములలో కూడ కెమెరాలు కానవచ్చుచున్నవి.

అయితే గండి పడిన కంచె చేనును కాపాడజాలదు. కెమెరా గోడపై కనబడుచున్నది గనుక కాపలా ఉన్నదని అందరు నమ్ముదురు. దాని తీగ ఎప్పుడో తెగియుండును. బోరు మోటారో, ధాన్యపు బస్తాలో పోయిన నాడు డి.వి.ఆర్. తెరచి చూచినచో ఆ కెమెరా గడి నల్లగా ఉండును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు అప్పుడు క్రొత్త కెమెరా కొందురు. క్రొత్త కెమెరాయును పనిచేయదు. ఏలయన లోపము కెమెరాలో గాక కేబుల్‌లో ఉన్నది. కావున ముందు లోపమెక్కడనో కనుగొని, పిదపనే డబ్బు ఖర్చు చేయవలెను.

కేబుల్ చెడుటకు కారణములు

ఎలుకలు, పందికొక్కులు, ఉడుతలు మొదటి శత్రువులు. ఎలుక ముందు పండ్లు బ్రతికినంత కాలము పెరుగుచునే ఉండును గనుక అది ఏదో ఒకటి కొరుకుచుండవలసినదే. మంజీరపై 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట క్రింద వరి విస్తారముగా పండును. కోతలు ముగిసి పొలములు ఖాళీ కాగానే ఎలుకలు ఇండ్లకు, గోదాములకు చేరును. వానకాలము, యాసంగి కోతల తరువాత కేబుళ్లను తప్పక పరీక్షించవలెను.

రెండవది కోతులు. ఇవి వేలాడు తీగ పట్టుకొని ఊగును. మూడవది, వరిగడ్డి ఎత్తుగా వేసికొని పోవు ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డముగా క్రిందికి జారిన కేబులును తెంపివేయును. నాలుగవది ఎండవానలు. ఇంటిలోపల వాడదగిన కేబులును ఆరుబయట లాగినచో ఎండకు పై తొడుగు పగులును, ఆ పగులులో వాన నీరు దిగును. ఈ నష్టము పైకి కనబడదు గనుక అన్నిటికంటె మోసకరమైనది.

కేబుల్ రకములు

సాధారణ కెమెరాలకు వాడునది ‘3+1’ కేబుల్. ఇందులో చిత్రము తెచ్చు కోయాక్సియల్ తీగ ఒకటి, కరెంటు మున్నగు వానికి సన్నని తీగలు మూడు ఉండును. చిత్రపు తీగ కొసలకు బి.యన్.సి. కనెక్టర్లు, కరెంటు తీగలకు డి.సి. పిన్ను బిగింతురు. కెమెరాకు అందవలసినది 12 వోల్టులు.

ఐ.పి. కెమెరాలకు క్యాట్ 6 కేబుల్ వాడుదురు. ఇందులో 8 తీగలు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉండును. చిత్రము, కరెంటు రెండును దీనిలోనే పోవచ్చును. ఒక్క లాగుడు 100 మీటర్లకు మించరాదు.

లోపమును కనుగొను విధము

1. అన్ని కెమెరాలు ఒకేసారి ఆగినచో ముందు పవర్ సప్లయిని, డి.వి.ఆర్.ను చూడవలెను. ఒక్కటే ఆగినచో క్రింది వరుసలో పరీక్షింపుడు.

2. డి.వి.ఆర్. వెనుక ఆ కెమెరా కనెక్టరును తీసి, బాగుగా పనిచేయు వేరొక కెమెరా స్థానములో పెట్టవలెను. అక్కడ బొమ్మ వచ్చినచో లోపము డి.వి.ఆర్. రంధ్రములో ఉన్నది.

3. బొమ్మ రానిచో కెమెరా వద్ద డి.సి. పిన్నులో మల్టీమీటరుతో వోల్టులు కొలువవలెను. ఏమియు చూపనిచో కరెంటు తీగ తెగినది, లేక పిన్ను ఊడినది.

4. వోల్టులు సరిగా ఉన్నచో కెమెరాను దింపి, డి.వి.ఆర్. ప్రక్కనే చిన్న మంచి కేబులుతో కలిపి చూడవలెను. బొమ్మ వచ్చినచో కెమెరా నిక్షేపముగా ఉన్నట్లే. తప్పు కేబులుదే.

5. కేబులును రెండు కొసల విడదీసి, నడిమి తీగకు, అల్లిక తీగకు నడుమ మీటరు పెట్టవలెను. మ్రోగినచో రెండును లోపల తాకుచున్నవి. మ్రోగనిచో దూరపు కొసన రెంటిని కలిపి మరల కొలువవలెను. అప్పుడును మ్రోగక, ఓములలో కూడ విలువ చూపకున్నచో ఎక్కడనో తెగినది.

పగలు బాగుగా ఉండి రాత్రి మాత్రమే ఆగు కెమెరాను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. చీకటి పడగానే దాని ఇన్‌ఫ్రారెడ్ దీపములు వెలిగి కరెంటు ఎక్కువ లాగును. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 60 మీటర్లు లాగినామనుకొందము. రాకపోకలు కలిపి 120 మీటర్లకు నిరోధము సుమారు 4 ఓములు. అర ఆంపియరు పారినచో 2 వోల్టులు దారిలోనే పోవును. కెమెరాకు అందునది 10 వోల్టులే. తీగ ఇంకను సన్ననిదైనను, అతుకు తుప్పు పట్టినను నష్టము హెచ్చును. ఇట్టిచోట కెమెరా దగ్గరనే వేరు అడాప్టరు పెట్టుట, లేక లావు కరెంటు తీగ వేయుట మార్గము.

అతుకు విధము

దెబ్బ ఒక్కచోటనే ఉండి, అది చేతికి అందు స్థలమైనచో అతుకవచ్చును. మొదట మెయిన్ ఆపవలెను. పవర్ సప్లయి పెట్టెలో 230 వోల్టులున్నవని మరువరాదు. దెబ్బ తిన్న ముక్కను కోసి, అల్లిక తీగ ఎర్రగా మెరయు చోటి వరకు వెనుకకు పోవలెను. నల్లబడి గాని పచ్చబడి గాని ఉన్నచో నీరు అంతవరకు ప్రాకినదని అర్థము.

చిత్రపు తీగను మెలిపెట్టి టేపు చుట్టుట మన వైపు పరిపాటి. ఇది కూడదు, బొమ్మలో గీతలు వచ్చును. రెండు కొసలకు బి.యన్.సి. కనెక్టర్లు బిగించి, నడుమ జాయినరు పెట్టవలెను. అల్లిక తీగ పోగు ఒక్కటియైనను నడిమి తీగకు తాకరాదు. కరెంటు తీగలను రంగునకు రంగు కలిపి, ఒక్కొక్కదానిని వేరుగా కప్పవలెను. అతుకునంతటిని నీరు చొరని జంక్షను పెట్టెలో ఉంచి, కేబుల్ దిగు రంధ్రములు క్రింది వైపు ఉండునట్లు బిగింపవలెను.

ఎప్పుడు మార్చవలెను?

రెండు మూడు చోట్ల ఎలుక కొరికినను, అల్లిక పొడవునా నల్లబడినను, అతుకు గొట్టము లోపల పడుచున్నను ఆ లాగుడు మొత్తము మార్చుటయే మేలు. క్యాట్ 6 కేబులును అతుకుటకంటె మార్చుట మంచిది. పాత కేబుల్ గొట్టములో ఉన్నచో దాని కొసకు క్రొత్తదానిని గట్టిగా కట్టి లాగినచో సులువుగా వచ్చును. క్యాట్ 6 కొసలకు రంగుల వరుస రెండు వైపుల ఒకటే ఉండవలెను: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలము, తెలుపు నీలము, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ.

తిరిగి చెడకుండుటకు

ఎలుకలు తిరుగు చోట కేబులును ఇనుప గొట్టములో పెట్టి, కొసలు మూయవలెను. కోతులున్న చోట తీగను గాలిలో వేలాడదీయక గోడ వెంబడి బిగింపవలెను. కెమెరా దగ్గర కేబులును కొంచెము క్రిందికి వంచి పైకి తీసినచో వాన నీరు ఆ వంపు నుండి కారిపోవును.

రోడ్డు దాటించుట సాధ్యమైనంత వరకు మానవలెను. రోడ్డును దాటు లో టెన్షను విద్యుత్ లైను నేలకు కనీసము 5.8 మీటర్ల ఎత్తున ఉండవలెనని నిబంధన. మన కేబుల్ దాని దరికి పోరాదు. అట్లని దిగువన కట్టినచో గడ్డి బండ్లకు తగులును. భూమిలో గొట్టము వేయుటయో, కెమెరాను ఈవలి వైపుననే పెట్టుటయో శ్రేయస్కరము. శాఖవారి అనుమతి లేక విద్యుత్ స్తంభమునకు కేబుల్ కట్టరాదు. ఉరుములు మెరుపులున్నప్పుడు నిచ్చెన ఎక్కరాదు.

గ్రామాధికారులకు సూచన

పంచాయతీ కార్యాలయములో ఒక పుస్తకము పెట్టి, వారమున కొకసారి ప్రతి కెమెరా బొమ్మను చూచి వ్రాయవలెను. తెరపై బొమ్మ వచ్చుటతో సరిపోదు; నిన్నటి రాత్రి రికార్డును వెనుకకు త్రిప్పి చూచి, తేదీ, సమయము సరిగా ఉన్నవో లేవో పరిశీలింపవలెను. పది మీటర్ల కేబుల్, నాలుగు బి.యన్.సి. కనెక్టర్లు, రెండు జాయినర్లు, రెండు డి.సి. పిన్నులు, ఒక పవర్ సప్లయి నిలువ ఉంచుకొన్నచో పెక్కు లోపములు ఆనాడే బాగుపడును. ఏ కేబుల్ ఏ దారిని పోయినదో, అతుకులెక్కడ ఉన్నవో ఆ పుస్తకములోనే గుర్తు వేసికొనవలెను. అధికారి మారినను ఆ పటము తరువాతి వారికి దారి చూపును.