మళ్లీ బడికి వెళ్లిన ఆండర్సన్

డెన్మార్క్ అనే దేశం ఉంది. చాలా దూరం. చలి ఎక్కువ. అక్కడ ఓడెన్సె అనే ఊరు. ఆ ఊళ్లో ఓ పేద కుటుంబం. ఒకటే గది. ఇంటాయన బూట్లు కుట్టేవాడు. భార్య ఆన్ మేరీ నలుగురి బట్టలు ఉతికేది. 1805 ఏప్రిల్ 2న వాళ్లకు కొడుకు పుట్టాడు. పేరు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్.

తండ్రికి చదవడం వచ్చు. అరేబియన్ రాత్రుల కథలు కొడుక్కి చదివి వినిపించేవాడు. తల్లికి అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు ఆమెను అడుక్కురమ్మని పంపేవారట. చెయ్యి చాచలేక వంతెన కింద కూర్చుని ఏడ్చేదట. కొడుకు ఆ మాట మరిచిపోలేదు. తర్వాత 1845లో అగ్గిపుల్లలు అమ్ముకునే పిల్ల కథ రాశాడు. చదివితే ఆ తల్లే గుర్తొస్తుంది.

1816లో తండ్రి చనిపోయాడు. పిల్లవాడు పనికి కుదిరాడు. కానీ మనసంతా నాటకాల మీదే. 14 ఏళ్లకు, 1819లో, ఒంటరిగా రాజధాని కోపెన్‌హేగెన్ వెళ్లాడు. పాడాడు. ఆడాడు. గొంతు మారింది, పాటా పోయింది. నాటకం రాసి నాటకశాలకు ఇచ్చాడు. రాతనిండా తప్పులే! అయినా అక్కడి పెద్ద యోనాస్ కొలిన్ అతన్ని తీసిపారేయలేదు. ముందు చదువుకోమన్నాడు. రాజుగారి సొమ్ముతో బడిలో చేర్పించాడు.

అప్పటికి ఆండర్సన్‌కు 17 ఏళ్లు. మనిషి బాగా పొడగరి. పక్కన కూర్చున్నవాళ్లు చిన్న పిల్లలు. ఎంత సిగ్గుగా ఉంటుంది! పైగా పంతులు నలుగురిలో ఎగతాళి చేసేవాడు. బడి రోజులు తలుచుకుంటే పెద్దయ్యాక కూడా పీడకలలు వచ్చేవి. అయినా మానలేదు. 1828లో పరీక్ష పాసయ్యాడు. అక్షర దోషాలు మాత్రం చివరిదాకా పోలేదు.

1835లో పిల్లల కథల చిన్న పుస్తకం వేశాడు. అందులో నాలుగు కథలు. పిల్లలకు ఎదురుగా కూర్చుని చెప్పినట్టే రాశాడు. కొందరు పండితులకు నచ్చలేదు. ఇది మాట్లాడే భాష, పుస్తకాల్లో ఇలా రాస్తారా అన్నారు. పిల్లలు మాత్రం వదల్లేదు. అందరూ ఎగతాళి చేసిన బాతుపిల్ల హంస అయిన కథ, బట్టల్లేని రాజు కథ ఆయనవే. మొత్తం 150కి పైగా రాశాడు. తెలుగులోనూ వచ్చాయి. చన్నీళ్లలో నిలబడి బట్టలుతికే తల్లి మీద కూడా ఒక కథ ఉంది. చలికి ఆగలేక ఆమె సారా తాగేది. ఊరి పెద్ద ఆమెను ఎందుకూ పనికిరానిదన్నాడు. ఆమె పడ్డ కష్టమంతా ఆ కథ చెబుతుంది.

1867లో ఓడెన్సె ఆయన్ను పిలిచి సన్మానం చేసింది. ఊరంతా దీపాలు పెట్టారు. 1875లో ఆయన చనిపోయాడు. 1967 నుంచి ఆయన పుట్టినరోజును పిల్లల పుస్తకాల రోజుగా జరుపుతున్నారు.

ఆ దీపాలు ఆన్ మేరీ చూడలేదు. 1833లోనే పోయింది. కొడుకు కథల పుస్తకం అచ్చు కావడానికి ఇంకా రెండేళ్లుంది.

మాట్లాడుకోండి: చిన్న పిల్లల పక్కన కూర్చుని చదవాల్సి వస్తే మీకెలా ఉంటుంది?
రాయండి: మీ అమ్మ చెప్పిన కథ ఒకటి.